నాకు చెప్పని అంకె

2023 అక్టోబరులో, పిడుదు కాటు వల్ల సోకే లైమ్ వ్యాధికి టీకా మూడో దశ క్లినికల్ ట్రయల్‌లో చేరినప్పుడు నా చేతికిచ్చిన సమ్మతి పత్రం చాలా పొడవుగా ఉంది. నాలుగైదు పేజీలు తిరగేసేసరికి సంతకం ఎక్కడ పెట్టాలో వెతకడం మొదలుపెట్టాను గానీ, ఒక పేరా దగ్గర ఆగిపోయాను. నా రక్తం తీసి అందులో యాంటీబాడీల మోతాదు కొలుస్తారని, ఆ ఫలితం మాత్రం నాకు తెలియజేయరని అందులో ఉంది. నా రక్తంలో ఉన్నదేమిటో నాకే చెప్పకపోవడమేమిటని అప్పుడు కాస్త చిరాకు కలిగింది. ఏడాదిన్నర పాటు ఆ ఒక్క అంకె చుట్టూనే నా ఆలోచన తిరిగింది కనుక, ఆ అంకె గురించి నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. తెలియనిది మా ఆవిడను అడుగుతాను. ఆమె ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది.

మేము ఉండేది అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలోని గ్లాస్టన్‌బరీలో. ఇంటి వెనక గడ్డి అయిపోగానే అడవి మొదలవుతుంది. ఇక్కడి నుంచి దక్షిణంగా కారులో ముప్పావుగంట పైన వెళితే, కనెటికట్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, ఈ జబ్బుకు పేరిచ్చిన లైమ్ అనే ఊరుంది. 1975 ప్రాంతంలో ఆ చుట్టుపక్కల పిల్లల్లో కీళ్లవాపులు ఎక్కువగా కనబడుతున్నాయని ఇద్దరు తల్లులు పట్టుబట్టడం, యేల్ విశ్వవిద్యాలయం నుంచి అలెన్ స్టీర్ వచ్చి పరిశోధించడం, తరువాత 1981లో విలీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదు పేగుల్లో మెలికలు తిరిగిన బాక్టీరియాను చూడడం ఇక్కడ చాలామందికి తెలిసిన కథే. మా అమ్మకు ఫోనులో ఇది వివరించబోతే, "పిడుదులు గేదెలకు కదరా పట్టేది, మనుషులకు టీకా ఏమిటి?" అన్నది. గేదె చెవుల వెనక బఠాణీ గింజల్లా వేలాడే పిడుదులనే ఆమె చూసింది. ఇక్కడ మే నుంచి జులై దాకా మనుషులకు జబ్బు అంటించే పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. కుట్టినట్టు కూడా తెలియదు.

2021 జూన్‌లో మా ఆవిడకు మోకాలి వెనక అరచేయంత ఎర్రటి మచ్చ లేచింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రెండు వారాలు వాడితే తగ్గిపోయింది. ఆ తరువాత చేసిన రక్తపరీక్షలో లైమ్ యాంటీబాడీలు ఉన్నట్టు వచ్చింది. అందుకే ట్రయల్ ప్రకటన చూసినప్పుడు, "నీకు టీకా అవసరమే లేదు, నీ రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయిగా" అన్నాను. ఆమె నవ్వి, "అవి వేరండీ, ఇవి వేరు" అన్నది. ఆ రెండూ ఎందుకు వేరో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. నాలాగే అనుకునేవాళ్లు మన తెలుగువాళ్లలో ఇంకా కనబడుతున్నారు గనుక, ముందు ఆ సంగతి చెబుతాను.

ఈ బాక్టీరియా ఒంటి మీద ఓఎస్‌పీ-ఏ అనే ప్రోటీను ఉంటుంది. అయితే అది పిడుదు పేగులో ఉన్నంతకాలమే ఆ చొక్కా తొడుక్కుని ఉంటుంది, ఎందుకంటే పేగు గోడకు అతుక్కుని ఉండడానికి దానికి అది కావాలి. పిడుదు మనిషిని కుట్టి రక్తం తాగడం మొదలుపెట్టగానే, ఆ వెచ్చదనానికీ రక్తానికీ బాక్టీరియా మేలుకుని, ఓఎస్‌పీ-ఏ ను విడిచి ఓఎస్‌పీ-సీ అనే మరో చొక్కా వేసుకుని, పేగు దాటి, లాలాజల గ్రంథుల్లోకి చేరి, అక్కడి నుంచి మన చర్మంలోకి దిగుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా ఒకటిన్నర రోజులు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ సమయం పడుతుంది. జబ్బు పడిన మనిషి చూసేది చొక్కా మార్చుకున్న బాక్టీరియానే కనుక, మా ఆవిడ ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఆ తరువాతి ప్రోటీన్ల మీద తయారైనవి. ఓఎస్‌పీ-సీ లో రకాలు చాలా ఉన్నాయి, ఒక రకం వచ్చి తగ్గినవాళ్లకు మరో రకం మళ్లీ రావచ్చు. ఆమె పరీక్షలో వచ్చిన పాజిటివ్ ఆమెకు జబ్బు వచ్చిందని మాత్రమే చెబుతుంది, ఇక రాదని చెప్పదు.

టీకా ఇందుకు తలకిందులుగా పనిచేస్తుంది. టీకాలో ఉన్నది ఓఎస్‌పీ-ఏ. దానిమీద మన రక్తంలో యాంటీబాడీలు తయారై ఉంటే, పిడుదు తాగే రక్తంతో పాటు అవి కూడా దాని కడుపులోకి వెళ్లి, బాక్టీరియా ఇంకా పాత చొక్కాలో ఉండగానే దాన్ని అక్కడికక్కడే చంపేస్తాయి లేదా కదలనివ్వవు. అంటే సూది నా భుజానికి వేసినా యుద్ధం జరిగేది నా ఒంట్లో కాదు, పిడుదు పేగులో. ఇది మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. 1990లో యేల్ శాస్త్రవేత్తలు ఓఎస్‌పీ-ఏ మీద తయారైన యాంటీబాడీలను మాత్రమే ఎలుకలకు ఎక్కించి, వాటికి ఈ జబ్బు రాకుండా ఆపగలిగారు. ఆ ఎలుకలకు టీకా వేయలేదు, వాటి రోగనిరోధక వ్యవస్థ ఏమీ నేర్చుకోలేదు, అరువు తెచ్చిన యాంటీబాడీలే సరిపోయాయి. మసాచుసెట్స్‌లో మార్క్ క్లెంప్నర్ బృందం టీకా బదులు తయారుచేసిన ఒకే రకం యాంటీబాడీని ఏడాదికోసారి సూదిగా వేయాలని చూడడం కూడా ఈ ఆధారం మీదనే.

అంకె సంగతి ఇక్కడ మొదలవుతుంది. మా ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు హెపటైటిస్-బి టీకా మూడు డోసులు వేసి, యాంటీబాడీలు కొలిచారు. ఆ టీకాకు గీత 10. పది మిల్లీ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. ఆమెకు అంతకన్నా బాగా ఎక్కువే వచ్చింది. చాలా ఏళ్ల తరువాత మరో సందర్భంలో చూస్తే అది పదికి దిగువకు పడిపోయింది. నేను కంగారుపడ్డాను, ఆమె పడలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకసారి పది దాటినట్టు కాగితం మీద ఉంటే, తరువాత తగ్గినా మళ్లీ డోసు అక్కర్లేదు. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లోకి వచ్చాక జబ్బుగా ముదరడానికి నెలలు పడుతుంది, ఈలోగా టీకా నేర్పిన జ్ఞాపక కణాలు మేలుకుని కావలసినన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి. అక్కడ అంకె ఒకప్పటి పరీక్షలో పాసైనట్టు ఇచ్చిన సర్టిఫికెట్ లాంటిది.

లైమ్ టీకాకూ ఇదే లెక్క అనుకుని ట్రయల్‌లో చేరినవాణ్ణి నేను. రెండో డోసు రోజున, 2023 డిసెంబరులో, అక్కడి డాక్టరును అడిగాను, ఒకసారి గీత దాటితే చాలు కదా అని. ఆయన చెప్పింది వింటుంటే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగిన సామెత గుర్తొచ్చింది. పిడుదు కుట్టిన సంగతి జ్ఞాపక కణాలకు తెలిసి, అవి యాంటీబాడీలు తయారుచేయడానికి కొన్ని రోజులు కావాలి. ఆ సరికి బాక్టీరియా ఓఎస్‌పీ-ఏ ను విడిచేసి మన ఒంట్లో కాపురం పెట్టేసి ఉంటుంది. పైగా మన ఒంట్లోకి వచ్చిన బాక్టీరియా మీద ఓఎస్‌పీ-ఏ దాదాపుగా ఉండదు కనుక, ఆ జ్ఞాపకాన్ని తట్టిలేపేది కూడా ఏమీ లేదు. పిడుదు నోరు పెట్టిన ఆ గంటలో రక్తంలో ఎంత యాంటీబాడీ తిరుగుతోందో అదే రక్షణ, అంతకు మించి వెనక బలగం లేదు. అందుకే చాలా టీకాల్లో యాంటీబాడీల అంకె రక్షణకు ఒక జాడ మాత్రమే అయితే, ఇక్కడ రక్షణ అంటే ఇంచుమించు ఆ అంకే.

ఈ టీకాకు ముందు ఒకటి ఉండేదని, అదే పద్ధతిలో పనిచేసేదని నాకు అప్పటిదాకా తెలియదు. లైమెరిక్స్ అనే ఆ టీకాకు 1998 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది, అమ్మకాలు పడిపోయాయని 2002 ఫిబ్రవరిలో తయారీదారు దాన్ని ఉపసంహరించుకున్నాడు. కీళ్లనొప్పులు తెస్తుందన్న భయం, కోర్టు కేసులు అందుకు తోడయ్యాయి. ఆ భయానికి అధికారిక పరిశీలనలో ఆధారం దొరకలేదు, అయినా ఇప్పటి టీకాలో ఓఎస్‌పీ-ఏ లోని అనుమానం వచ్చిన చిన్న ముక్కను మార్చేశారు. కుక్కలకు మాత్రం ఈ జబ్బు టీకా ఇన్నాళ్లూ దొరుకుతూనే ఉంది. మా పక్కింటి లాబ్రడార్‌కు ఏటా వేయిస్తారు. మనుషులకు ఇరవై ఏళ్లకు పైగా లేదు.

పాత టీకా అంకెలు 1999లో అమెరికా టీకా సలహా సంఘం వెలువరించిన సిఫారసుల్లో ఉన్నాయి. అవి నేను ఒక రాత్రి కూర్చుని కాగితం మీద గీసుకున్నాను. డోసులు సున్నా, ఒకటి, పన్నెండో నెలల్లో ఇచ్చేవారు. రెండో డోసు అయిన నెలకు యాంటీబాడీల సగటు 1,227 యూనిట్లు. పన్నెండో నెలకు అది 116కు పడిపోయింది. మూడో డోసు అయిన నెలకు ఒక్కసారిగా 6,006కు లేచింది. ఇరవయ్యో నెలకు 1,991. రక్షణకు గీత 1,200 దగ్గర ఉన్నట్టు అదే పత్రం చెబుతుంది. దాదాపు పదకొండు వేల మంది మీద జరిగిన ఆ ట్రయల్‌లో టీకా మొదటి ఏడాది 49 శాతం, మూడో డోసు తరువాత రెండో ఏడాది 76 శాతం జబ్బును ఆపింది.

ఇక్కడ సగటు అన్నది మామూలు సగటు కాదు, గుణమధ్యమం. పదో తరగతిలో శ్రేఢులు చదివేటప్పుడు గుణమధ్యమం ఎందుకు పనికొస్తుందో మా లెక్కల మాస్టారు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకరికి 100, మరొకరికి 10,000 వచ్చిందనుకుంటే మామూలు సగటు 5,050 అవుతుంది, చూసినవాళ్లు ఇద్దరూ గట్టిగానే ఉన్నారనుకుంటారు. రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చే గుణమధ్యమం 1,000. యాంటీబాడీలు మనిషికీ మనిషికీ పదింతలు, వందింతలు తేడాగా ఉంటాయి కనుక దీన్నే వాడతారు. ఇలాంటి లెక్కల్లో గుణమధ్యమం ఇంచుమించు నడిమి మనిషి అంకె. అంటే మొదటి ఏడాది సగటు 1,227, గీత 1,200 అన్నప్పుడు, నూటికి యాభై మంది దాకా పిడుదుల కాలం మొదలయ్యే నాటికే గీతకు కిందో, సరిగ్గా గీత దగ్గరో ఉన్నారన్నమాట. ఆ ఏడాది రక్షణ 49 శాతం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. ఇది నా సొంత లెక్క, దీన్ని రుజువుగా ఎవరూ తీసుకోవద్దు. గీత కూడా గోడ లాంటిది కాదు. 1,150 ఉన్నవాడికి జబ్బు వచ్చి తీరుతుందని గాని, 1,250 ఉన్నవాడికి రాదని గాని అది చెప్పదు. అంకె పెరిగేకొద్దీ ముప్పు తగ్గుతుందని మాత్రమే చెబుతుంది.

ఈ లెక్కలు చూశాక నా డోసుల తేదీల వెనక ఉన్న ఆలోచన అర్థమైంది. నాకు మొదటిది అక్టోబరులో, రెండోది డిసెంబరులో, మూడోది 2024 ఏప్రిల్ చివర, బూస్టరు 2025 వసంతంలో. చలికాలంలో అంకె పడిపోయినా నష్టం తక్కువ, గడ్డి మీద పిడుదులు తక్కువ. మే, జూన్ నెలల్లో అది శిఖరాన ఉండాలి. వరి నారుమడికి నీళ్లు వదిలే రోజును వెనక్కి లెక్కపెట్టుకున్నట్టు, ఇక్కడ పిల్ల పిడుదులు బయటికొచ్చే కాలాన్ని బట్టి సూది రోజును వెనక్కి లెక్కపెట్టారు. ఇదే టీకా రెండో దశ పరీక్షల్లో రెండు డోసుల కన్నా మూడు డోసులకు యాంటీబాడీలు ఎక్కువ రావడం వల్లనే మూడో దశలో మూడు డోసుల పద్ధతి పెట్టారు. తరువాత తగ్గడమూ, బూస్టరుతో మళ్లీ పెరగడమూ ఇందులోనూ కనిపించాయి.

ప్రతి సందర్శనలో జరిగేది ఇంచుమించు ఒకటే. ముందు ప్రశ్నలు, జ్వరం చూడడం, తరువాత మోచేతి మడతలో సూది గుచ్చి గొట్టాల్లో రక్తం తీయడం. గొట్టాన్ని కాసేపు నిలబెట్టి గడ్డ కట్టనిచ్చి, గిర్రున తిప్పే యంత్రంలో వేస్తే పైన తేరుకునే పసుపుపచ్చ ద్రవమే సీరం. దాన్ని చిన్న సీసాల్లో పోసి ఫ్రీజర్లో గడ్డకట్టించి వేరే ల్యాబుకు పంపుతారు. ఆ సీసాల మీద నా పేరు ఉండదు, ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ తరువాతే భుజానికి సూది. మాలో సగం మందికి ఉప్పునీరు వేస్తారు. ఎవరికి ఏది వేశారో మమ్మల్ని పరిశీలించేవాళ్లకూ వేయించుకునేవాళ్లకూ తెలియకూడదు. అంకె ఎందుకు చెప్పరో అప్పుడు నాకు తట్టింది. నాకు నా యాంటీబాడీల అంకె తెలిస్తే, నాకు వేసింది టీకానో ఉప్పునీరో మరుక్షణమే తెలిసిపోతుంది. తెలిశాక నేను మునుపటిలా ఉండను. టీకా పడిందని తెలిస్తే లాగు మడిచి గడ్డిలో తిరుగుతాను, ఉప్పునీరని తెలిస్తే ఇల్లు కదలను. అలా రెండు గుంపులు రెండు రకాలుగా తిరిగితే, ఎవరికి ఎక్కువ జబ్బు వచ్చిందన్న లెక్కకు విలువే ఉండదు.

తర్కం అర్థమైనా మనసు ఊరుకోలేదని ఒప్పుకోవాలి. రెండో డోసు తరువాత భుజం రెండు రోజులు నొప్పెట్టింది. మా అబ్బాయితో టీకాయే వేశారని పందెం కాశాను. వాడు, "నాన్నా, ఉప్పునీరు వేసినా సూది సూదే" అన్నాడు. 2024 మే నెలలో నా సొంత డబ్బుతో బయట ల్యాబులో లైమ్ యాంటీబాడీ పరీక్ష చేయించుకుందామని కాగితం కూడా తయారుచేసుకున్నాను. మా ఆవిడ దాన్ని చూసి, ఆ పరీక్ష అసలు ఏమి వెతుకుతుందో చెప్పింది. మార్కెట్లో ఉన్నవి జబ్బు వచ్చిందా లేదా అని చూసే పరీక్షలు. వాటిలో కొత్త తరహావి వీఎల్ఎస్-ఈ వంటి ప్రోటీన్ల మీద యాంటీబాడీలను పట్టుకుంటాయి, ఓఎస్‌పీ-ఏ ను పట్టించుకోవు, కాబట్టి టీకా బ్రహ్మాండంగా పనిచేస్తున్నవాడికి కూడా నెగెటివ్ రావచ్చు. బాక్టీరియా మొత్తాన్ని నలిగ్గొట్టి తయారుచేసే పాత తరహా పరీక్షలో టీకా వల్లనే పాజిటివ్ వచ్చి, జబ్బు లేనివాడికి మందులు మింగించే ప్రమాదం ఉంది. నాకు కావలసిన అంకె ఇచ్చే పరీక్ష బయట ఎక్కడా లేదు. ఉన్నా 1,200 అన్న పాత గీత పనికిరాదు. ఆ యూనిట్లు ఆ కాలపు ఆ ఒక్క ల్యాబు పద్ధతివి. ఇప్పటి టీకాలో ఓఎస్‌పీ-ఏ ఆరు రకాలు ఉన్నాయి, ఒక్కో రకానికి ఒక్కో అంకె. అమెరికాలో అవసరమైంది మొదటి రకమే, మిగతావి ఎక్కువగా యూరప్ పిడుదుల కోసం. ఆ కాగితాన్ని చింపలేదు, సొరుగులో ఆమె హెపటైటిస్ కార్డు కింద పెట్టాను.

ఆ జూన్ రెండో ఆదివారం సాయంత్రం స్నానం చేస్తుంటే నడుము దగ్గర చేతికి చిన్న గరుకు తగిలింది. చూస్తే పిడుదు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగి, టేపుకు అంటించి, తేదీ రాశాను. శనివారం ఉదయం కంచె దగ్గర కొమ్మలు నరికాను, అంటే ముప్పై గంటల పైచిలుకు. కడుపు కొంచెం ఉబ్బి ఉంది. ట్రయల్ వాళ్లకు ఫోను చేస్తే, ముప్పై రోజులు మచ్చ కోసం చూడమని, కనబడితే మందులు మొదలుపెట్టకముందే రమ్మని చెప్పారు. ఆ ముప్పై రోజులూ రోజుకు రెండుసార్లు అద్దంలో నడుము చూసుకున్నాను. ఆ శనివారం నా అంకె ఎంత, ఆదివారానికి ఎంత, ఆ గసగసాల గింజ తాగిన రక్తపు చుక్కలో అది సరిపోయిందా అని పిచ్చి లెక్కలు వేసుకునేవాణ్ణి. మూడో డోసు పడి ఆరు వారాలు, నాది టీకాయే అయితే అంకె ఇంకా ఎత్తులోనే ఉండి ఉంటుంది. కాకపోతే సున్నా.

మచ్చ రాలేదు. "చూశారా, పనిచేసింది" అని స్నేహితుడు ఫోనులో అభినందించాడు. పనిచేసిందో లేదో నాకు తెలియదని చెబితే వాడికి వింతగా అనిపించింది. ఆ పిడుదులో బాక్టీరియా లేకపోయి ఉండవచ్చు, ఉన్నా దాటడానికి సమయం చాలకపోయి ఉండవచ్చు, నాకు వేసింది ఉప్పునీరే అయి ఉండవచ్చు. నా ఒక్కడి నడుము నుంచి ఏ నిజమూ బయటికి రాదు. వేలమందిలో జబ్బు పడినవాళ్లెందరో, పడనివాళ్లెందరో, వాళ్ల సీసాల్లో ఆ కాలానికి ఎంత యాంటీబాడీ ఉందో పక్కపక్కన పెట్టినప్పుడే కొత్త గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది. జబ్బు పడినవాళ్ల సీసాలకే అందులో విలువ ఎక్కువ. జబ్బు రాని నా సీసా కూడా కావాలి, కాకపోతే పోలికకు.

2025 వసంతంలో బూస్టరు వేసిన రోజున, రక్తం తీసే అమ్మాయిని చివరిసారిగా అడిగాను, ఈ సీసాలు ఎన్నాళ్లు ఉంచుతారని. సమ్మతి పత్రం చివర్లో వేరే పేజీ ఉందని, భవిష్యత్తు పరిశోధనకు దాచుకోవడానికి నేనే ఒప్పుకుని పొడి అక్షరాలు పెట్టానని ఆమె తీసి చూపించింది. సంతకం నాదే. ఆ పేజీ చదివిన గుర్తు లేదు. ఇంటికి వచ్చి ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకుని, కంచె దగ్గర మిగిలిపోయిన కొమ్మలు నరికాను. మా ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి మోకాళ్ల వెనక, చెవుల వెనక చూసి గాని లోపలికి రానివ్వలేదు.